ఆదెప్ప బాడుగిండ్లు

ఏమప్పా రవీ, సిగ్గుండాదా నీకు? హిందూపురంలో మూడో ఇల్లు కొన్న్యావంట, సంతోషం. పాత ఇంట్లో బాడుగకుండే ముసలాయన మంచం పట్టినాడని, 'నెలాఖరుకు ఖాళీ చేయండి' అన్న్యావంటనే? నవ్వద్దు. ఆ కాఫీ ఆడ పెట్టి నా మాటిను.

మా ధర్మవరంలో ఆదెప్ప అని ఉండె. నీకు తెలీదులే, అప్పటికి నువ్వు పసిపిల్లోనివి. బత్తలపల్లి నుంచి ఉత్త చేతుల్తో వచ్చి, పట్టుచీరల బేరంలో నిలదొక్కుకున్న్యాడు. ఒకిల్లు కొన్న్యాడు, బాడుగ రుచి మరిగినాడు. ఇంగ యాడ గోడ కనపడినా 'ఇది అమ్ముతారా?' అంటాడు. పెనుకొండకు పెండ్లికి పోయి, తాళి కట్టే పొద్దుకు పక్కింటాయనతో బేరం మాట్లాడుకుంటా నిలబడినోడు! అక్షింతలు ఆ ఇంటి గోడకేసి వచ్చినాడని మేం నవ్వుకుంటాంటిమి. పిల్లల్లేరు, పెండ్లాం ముందే పోయినాది. 'ఎవరికప్పా ఇన్ని ఇండ్లు?' అంటే, 'ఇండ్లే నా బిడ్డలు, నెలనెలా నన్ను సాకుతాండాయి' అనేటోడు. కడకు తానుండే పెద్దిల్లు గూడా బాడుగకిచ్చి, వెనక సందులో నాగేష్ అనేటాయన రూములో తాను బాడుగకు చేరినాడు. 'నా ఇంట్లో నేనుంటే నాకు బాడుగెవరిస్తారబ్బా?' అంటాడు. ఆ తెలివికి ఏం చెప్తావు!

ఇల్లు కొనేది తప్పని నేనన్లేదు. కష్టపడినావు, కొనుక్కో. కానీ బాడుగకిచ్చినాక అది వాళ్లిల్లప్పా. వాళ్ల పురుడైనా, సావైనా ఆడే.

యాడుంటి నేను? ఆఁ, ఆదెప్ప కాడ. తిరుపాలని మగ్గం నేసేటోడు, ఆదెప్ప ఇంట్లోనే బాడుగకుండె. వాళ్లమ్మ శంకరమ్మకు ఆయాసం. ఈరోజో రేపో అన్నట్లుండె. ఆదెప్ప పరిగెత్తుకుంటా వచ్చినాడు. 'తిరుపాలూ, నా ఇంట్లో పాణం పోగూడదు. నచ్చత్రం మంచిది కాకుంటే ఆర్నెల్లు తలుపు మూయాల. ఆపైన ఎవరొస్తారు ఆ ఇంటికి? అవ్వను బయట పండబెట్టు' అన్న్యాడు. మంచంలోంచే ఆయమ్మ, 'పోయేముందు నీకు ఫోన్ చేస్తాలే నాయనా, అంతవరకు ఈడే ఉంటా' అనింది. మేమంతా నవ్వితిమి. ఆదెప్ప నవ్వలా. మాపటికి ఆయమ్మ మంచం రోడ్డు మీదికొచ్చినాది. తిరుపాలు కరెంటు స్తంభానికి టార్పాలిన్ కట్టినాడు. జల్లు పడతాండె. ఆడే పోయినాది తల్లి. ఇంగ ఊర్లో ఇండ్లు బాడుగకిచ్చేటోళ్లందరికీ అదే పద్ధతైపాయ.

ఆపైన రెండేండ్లో మూడేండ్లో, ఆదెప్పకు పచ్చవాతం కొట్టినాది. ఆసుపత్రోళ్లు 'లాభం లేదు, ఇంటికి తీసుకపోండి' అన్న్యారు. ఏ ఇంటికి? నాగేష్ వాకిలికి అడ్డం నిలబడి, 'ఏమనుకోవద్దన్నా, నువ్వు నేర్పిన పద్ధతే గదా' అనె. ఆయప్పను ఆటోలో పండబెట్టుకోని ఆయప్ప ఇండ్లన్నీ తిరిగితిమి. 'చిన్నపిల్లోళ్లుండారు' అని ఒకరు, 'వచ్చే వారం మా పాపకు పెండ్లి' అని ఒకరు. పెద్దింట్లో ఉండేటాయన కిటికీలోంచే, 'అగ్రిమెంటులో ఇది లేదే' అన్న్యాడు. తిరుపాలుదీ అప్పటికి వేరేవాళ్ల బాడుగిల్లే, ఆడా అదే పద్ధతి. తిరిగి తిరిగి ఆ స్తంభం కాడికే వస్తిమి. టార్పాలిన్ తెచ్చి కట్టినోడు తిరుపాలే. ఆదెప్ప మొలకు అన్ని ఇండ్ల డూప్లికేటు తాళంచెవులూ గుత్తిగా ఉండె. మనిషి కదిలినప్పుడల్లా గలగలమంటాండె. పొద్దు గూకేసరికి ఆ సద్దు నిలిచిపోయినాది, రోడ్డు మీద్నే.