రెండో సాక్షి

తూర్పు తిమోర్, ఎర్మెరా కొండలు. కాఫీ కోతల కాలం, పొద్దున. వాకిట్లో కాఫీ పళ్ళు ఏరుతున్న బిబియానా. ఎదురుగా ఊరిపెద్ద అబీలియో, ఆమెకు మరిది.

"కుర్చీ వేశాను, కాఫీ ఇచ్చాను, కలం ఇచ్చాను. సాక్షి సంతకానికి ఇంకేం కావాలి అబీలియో నీకు? మేళతాళాలా?"

"చదవనీ వదినా. చదవకుండా పెట్టకూడదు."

"మూడు నెలల్నుంచి చదువుతున్నావు. ఉన్నవి రెండు కాగితాలు."

"పోర్చుగీసు వదినా ఇది. ఒక్కో మాటా నమిలి మింగాలి."

"మన భాషలో అచ్చు వేస్తే ఆ మంత్రుల వేళ్ళు విరుగుతాయా? మా తాతకి ఆ భాష నేర్పారు. మాకు ఇంకోటి నేర్పారు. స్వాతంత్ర్యం వచ్చాక మళ్ళీ తాత భాషే! సముద్రం అడుగునించి చమురు తోడి డాలర్లు పోగేస్తున్నారట కదా. మన కొండకి కరెంటు ఆరింటికి వస్తుంది, అన్నం తినేలోపు పోతుంది."

"వచ్చే నెలలో బాగుచేస్తామన్నారు. పార్లమెంటు సభ్యుడు నాతో స్వయంగా..."

"వచ్చే నెల నీ ఎన్నికలు కూడానూ. సరే, సంతకం కానీ. కాగితాల లారీ మధ్యాహ్నం వెళ్ళిపోతుంది. ఇవాళే ఆఖరు."

"తెలుసు."

"తెలిస్తే కలం కదలదేం? అమరుల జాబితాకెక్కితే ఇచ్చే పింఛను కోసం ఏడవట్లేదు నేను. అమరుల రాయి మీద మీ అన్న జర్మానో పేరు చూడాలి, అంతే. ఆత్మల పండుగకి ఊరంతా ఆ రాయి దగ్గర పూలు పెడతారు. నేనేమో పద్నాలుగేళ్ళుగా ఖాళీ సమాధికి పెడుతున్నాను. లోపల ఆయన చొక్కా ఒకటి, ఏటి రాయి ఒకటి. తవ్వింది నువ్వే."

"నేనే."

"ఏ గడి దగ్గర ఆగావు?"

"తొమ్మిది. 'సాక్షి కళ్ళారా చూసిన సంగతి.'"

"రాయి మరి. స్వాతంత్ర్యానికి ముందు, మనల్ని ఆక్రమించుకున్న దేశం సైనికులు వచ్చారు. తిన్నగా వంటింట్లోకే వెళ్ళి చాప ఎత్తారు. కింద గోతిలో దాక్కున్న ఇద్దరు మన పోరాటవాళ్ళని ఈడ్చుకుపోయారు, వాళ్ళతోపాటు జర్మానోనీ. మళ్ళీ ఎవరూ రాలేదు. ఇంతేగా?"

"పదో గడి... 'పట్టిచ్చిన వ్యక్తి.'"

"లీనో. నా సొంత తమ్ముడు. రాయి, నాకేం మొహమాటం లేదు."

"వదినా..."

"అంతకు ముందురోజు సంతలో దొరికాడు. రెండు దెబ్బలకే నోరు విప్పేశాడు. చాలదన్నట్టు ఇంటి పతకం కూడా వాళ్ళకే ఇచ్చుకున్నాడు. నా పెళ్ళికి మీవాళ్ళు మావాళ్ళకిచ్చిన రొమ్ము పతకం! వాడి పెట్టెలోనే ఉండేది, తాళంచెవి వాడి మొలతాడుకి. తరవాత తాళం పగలగొట్టి చూస్తే పెట్టె ఖాళీ."

"లీనో కూడా తిరిగి రాలేదు కదా."

"పని అయ్యాక కుక్కని ఎవడు ఉంచుకుంటాడు?"

"వాడి కూతురు నిరుడు వచ్చిందిగా, ఆ జుల్మీరా..."

"వచ్చింది. రాజధానిలో ఎవరింట్లోనో అంట్లు తోముకుంటోందట. తండ్రికని కొవ్వొత్తి వెలిగించింది. చెప్పుకాలితో ఆర్పాను. పితరుల ఇల్లు మళ్ళీ కట్టినప్పుడు చచ్చినవాళ్ళందర్నీ పేరు పేరునా పిలిచారు. వాడే పట్టించాడని కోడి నెత్తురు తాగి ప్రమాణం చేసి, వాడి పేరు పిలవనివ్వనిది నేనే. నీ పక్కనే నిలబడి చేశాను."

"గుర్తుంది."

"అబీలియో."

"ఊఁ."

"ఈ చలిలో నీకు చెమట ఎందుకు పడుతోంది?"

"కాఫీ వేడిగా ఉంది."

"ఇంకా ముట్టుకోలేదు నువ్వు. ఆ గొయ్యి సంగతి తెలిసింది నలుగురికి. నేను. జర్మానో. లీనో. నాలుగోవాడు ఎవడు?"

"ఏం మాట వదినా అది!"

"ఎవడు?"

"నేను. అయితే?"

"అయితే అదుగో, స్తంభానికి పుంజు కట్టేసి ఉంది. పొద్దున్నే కట్టాను, నీకోసమే. కొయ్యి, తాగు. పట్టించింది నేను కాదని చెప్పు. అబద్ధమైతే నీ వంశంలో ఏడుగురు పోతారు. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"కత్తి ఇలా ఇవ్వు."

"...తాగుతావా?"

"ఇప్పుడే తాగుతాను. నేను పట్టించలేదు. నా మనవల మీద ఒట్టు."

"ఆగు. ఆగాగు. కత్తి కింద పెట్టు... పట్టించకపోతే మరి సంతకానికి ఏం రోగం?"

"ఆ ప్రమాణం వేరు, ఈ సంతకం వేరు."

"ఏం వేరు? జర్మానో చచ్చాడని చెప్పి తాగు. ఒక్క మాటే."

"అది అడగకు."

"అదే అడుగుతున్నాను."

"వదినా, కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఒక్కటీ..."

"తాగు!"

"ఏడుగురు పోతారు వదినా! ఏడుగురు!"

"ఏమన్నావు నువ్వు?"

"సంచిలో ఒక మూట ఉంది. తీసి చూసుకో."

"ఏమిటిది... ఇదెక్కడిది? అబీలియో, ఇది మా పతకం. ఈ అంచున సొట్ట మా అమ్మ చేతిలోంచి జారినప్పుడు పడింది. ఎక్కడ దొరికింది నీకు?"

"సరిహద్దు అవతల, ఆ సైనికుల దేశంలో. బర్రెల సంతకి వెళ్తానుగా. అక్కడ చర్చి పండగలో ఓ పదేళ్ళ పిల్ల వేసుకుని నాట్యం చేస్తోంది. ఎవరిచ్చారమ్మా అంటే, 'మా నాన్న' అంది."

"సైనికుడి పిల్ల అయ్యుంటుంది. లీనో ఇచ్చాడుగా వాళ్ళకి."

"నాన్న పక్కనే ఉన్నాడు. లావెక్కాడు. బట్టతల. నన్ను చూసి పారిపోబోయాడు, కుంటికాలు కదా, పరిగెత్తలేకపోయాడు."

"...ఏ కాలు?"

"ఎడమ. కూర్చో వదినా. పళ్ళు దొర్లిపోతున్నాయి, బుట్ట కింద పెట్టు."

"దొర్లనీ. చెప్పు."

"లీనో ఏమీ చెప్పలేదు. సంతలో లీనోని వేలెత్తి చూపించింది కూడా అన్నే. సంతకి పోతూ తాళంచెవి బావ చేతికే ఇచ్చి వెళ్ళాడట లీనో, బావ కదా అని. పతకం అలా పోయింది. మర్నాడు వంటింట్లో సైనికులు అన్నని కొట్టి లాక్కుపోయారే, అది నాటకం. నువ్వు నమ్మాలని."

"నేను వాళ్ళ బూట్లు పట్టుకున్నాను. వదిలెయ్యండి, నా మొగుణ్ణి వదిలెయ్యండి అని బూట్లు పట్టుకుని..."

"తెలుసు."

"లీనో?"

"వాళ్ళ చెరలో మూడు రోజులు బతికి ఉన్నాడు. అన్నని పక్క గదిలో పెట్టారు, మాటల్లో పెట్టి పేర్లు రాబట్టమని. లీనో ఒక్క పేరు చెప్పలేదు. బావ కూడా దొరికిపోయాడనుకున్నాడు పాపం. గోడకి నోరు పెట్టి, 'బావా, నువ్వెలాగైనా బయటపడు, అక్క ఒంటరిది' అన్నాడట. అదే ఆఖరు. అన్న చూస్తుండగానే చంపేశారు."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"అన్నే. తాగి ఏడుస్తూ."

"పోయిన నెలలోనా? అబీలియో, పతకం తెచ్చింది ఎప్పుడు?"

"పతకం రెండు వారాల కింద."

"ఆయన్ని చూసింది?"

"...రెండేళ్ళు."

"రెండేళ్ళు! నిరుడు నేను కొవ్వొత్తి ఆర్పుతుంటే అక్కడే ఉన్నావు."

"మా ఇంటి పరువు వదినా. ఆయన తమ్ముడినని తెలిస్తే నాకు ఓటెవడు వేస్తాడు? ఎవడు పిల్లనిస్తాడు?"

"మరి ఇప్పుడు పతకం ఎందుకిచ్చాడు? పశ్చాత్తాపమా?"

"కాదు. అమరుల జాబితా రాస్తున్నారని అక్కడిదాకా పాకింది. కూతురి మెడలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. 'ఇది ఉంచుకుని నా పేరు అందులో రాయించు. రాతి మీద పేరుంటే ఇక నన్నెవడూ వెతకడు' అన్నాడు. మూడు నెలలుగా నువ్వు ఇటునించి సంతకం పెట్టమంటావు, ఇప్పుడు ఆయనా అటునించి అదే అంటాడు. ఇద్దరిదీ ఒకటే కోరిక వదినా. మధ్యలో నేను చచ్చాను."

"నువ్వు చావలేదు. ఎవడూ చావలేదు. చచ్చింది లీనో ఒక్కడే."

"ఫారం చింపకు, చింపకు!"

"ఇది ఆయన ఫారం. ఇంకోటి ఉందా ఖాళీది?"

"ఉంది. ఎవరికి?"

"మొదటి గడి చదువు."

"'అమరుడి పేరు.'"

"లీనో. పెద్ద అక్షరాలతో రాయి. 'బంధువు' అన్న చోట జుల్మీరా పేరు పెట్టు. నా పేరు పెట్టకు."

"నువ్వు అక్కవి కదా..."

"నేను వాడి మీద దొంగ ప్రమాణం తాగినదాన్ని. ఆ ఏడుగురిలో మొదట ఎవరు పోవాలో నేను చూసుకుంటాను. నువ్వు రాయి."

"రాశాను. కానీ వదినా, తొమ్మిదో గడి. సాక్షులు ఇద్దరు కావాలి. నేను విన్నది రాస్తాను, ఒకటి. రెండోవాడు కళ్ళారా చూసినవాడై ఉండాలి. లీనో ఎలా పోయాడో చూసినవాడు ఈ కొండ మీద ఎవడూ లేడు."

"లేడు."

"పైగా అదుగో, లారీ హారను. వెళ్ళిపోతోంది."

"పోనీ. పద్నాలుగేళ్ళు ఆగాడు, ఇంకో జాబితాదాకా ఆగుతాడు. సరిహద్దు బస్సు ఎన్నింటికి?"

"రెండింటికి. ఎందుకు?"

"ఆ పతకం నా మెడలో కట్టు అబీలియో. వెళ్ళి ఆ రెండో సాక్షిని తెచ్చుకుందాం."