ఇసుర్రాయి కాడ నేర్చిన ఉపన్యాసం

“అవ్వా, చిన్నప్పుడు నువ్వు గూడ ఉపన్యాసం పోటీకి పోయినవట గదా. ఎట్ల నేర్చుకున్నవ్?”

ఎవరు చెప్పిండ్రు నీకు? మీ నాయిన చెప్పిండా. వానికి సగమే ఎరుక. పోయిన బిడ్డా, పోయిన. నిజాం కాలం ముచ్చట. జర ఆగు, కాళ్లు చాపుకోనియ్యి, గీ మోకాళ్లు ఒకసారి ముడిస్తే మల్ల లేవయి. నువ్వు బియ్యం ఏరుకుంటనే అడుగు, ఏం ఫికర్ లేదు.

మాది రామన్నపేట పక్కకు చిన్న ఊరు. గప్పుడు రామన్నపేటల ఒక గ్రంథాలయం పెట్టిండ్రు. బడిల అంత ఉర్దూనే, తెలుగు పుస్తకం కావాలంటే గాడికే పోవాలె. అంటే, మొగోళ్లు పోవాలె. ఏడాదికొకపారి ఆడ సభ చేసేటోళ్లు. ఆ యేడు ఆడపిల్లలకు గూడ ఉపన్యాసం పోటీ పెడుతమన్నరు, ఆడపిల్లకు సదువు ఎందుకు అని చెప్పాలె. జొన్న కోతలప్పుడే చెప్పిండ్రు, సభేమో ఎండకాలంల. అంత ముందుగాల ఎందుకంటే, మేం మొద్దులం గదా, మా తలకాయకెక్కాలంటే దినాలు పడుతయని.

మా బాపుకు పేరంటే పానం. దొర కాదు, పట్వారి కాదు, ఓ మోస్తరు రైతు. గని గ్రంథాలయం పెద్దమనుషుల పక్కన కూసోవాలని ఆయనకు మస్తు కోరిక. “తప్పు పోకుంట చెప్పినవనుకో, పట్నంల ఆడపిల్లల బడికి తోలుత, ఆడ్నే ఉండి సదువుకో” అన్నడు. నలుగుట్ల అన్నడు, నేనొక్కదాన్ని ఇన్నది కాదు. నాకు గప్పుడు పన్నెండో పదమూడో. సంబంధాలు వస్తున్నయి. పట్నమంటే నాకు సదువు ఒక్కటే కాదు బిడ్డా, గా వచ్చేటోళ్ల ముంగట తల వంచుకోని కూసునుడు తప్పుతది.

మా ఊరి పంతులు ఉపన్యాసం కాయితం మీద రాసిచ్చిండు. అది పట్టుకోని కూసుందునా, అమ్మ కేక. నీళ్లు, పెండ, జొన్నలు. ఇంటినిండ తినేటోళ్లు, ఇసిరేది మేమిద్దరం. “నోటితోని ఏమన్న చేసుకో, చెయ్యి మాత్రం ఆగొద్దు” అన్నది అమ్మ. ఇగ ఇసుర్రాయి కాన్నే నేర్చిన. ఈ దిక్కు నేను, ఆ దిక్కు అమ్మ, నడుమ రాయి. ‘సభకు’ అంటే సగం తిప్పుడు, ‘నమస్కారం’ అంటే నిండ తిప్పుడు. పిడికెడు జొన్నలు పోసే కాడ ఉపన్యాసం గూడ ఆగాలె. చలి పోయింది, ఎండలు ముదిరినయి. చెయ్యి తిరిగితే చాలు, నోరు దానంతటదే నడిచేది.

సభకు కట్టుకునేతందుకు మా మేనత్త, నార్కట్‌పల్లి ఆమె, ఓణి ఇచ్చింది. మంచి మనిషి, మొగడే సరిగ్గ లేకుండె, ఆమె బతుకంత... అది గాదు నేను చెప్పేది. ఆఁ, సభ. బాపు కిరాయి బండి మాట్లాడిండు... కాదు కాదు, మా బండే కట్టిండు, ఎద్దులు గూడ మావే.

మొగోళ్లు ముంగట కూసున్నరు. ఆడోళ్లు ఎనుక, తెర చాటుకు. ఆడోళ్ల సదువు మీద సభ, ఆడోళ్లేమో తెర ఎనుక. నవ్వకు, గట్లనే ఉండె. నన్ను పిలిచిండ్రు. బల్లలు జోడిచ్చి ఎత్తు చేసిండ్రు, దాని మీదికెక్కి నిలబడ్డ. చేతులు ఉత్తగున్నయి. ‘సభకు’ అన్న. అంతే, ఇగ రాదు. యాది లేక కాదు, మాట గొంతులనే ఉన్నది. తిప్పేదేం లేకపాయె, ఎట్లొస్తది? బాపు ముందు వరుసల కూసోని చూస్తాండు. పట్నం నా కండ్ల ముంగట్నే పోతాంది.

ఏం చేసిన్నో తెలుసా? కూసున్న. ఆ బల్ల మీదనే, ఒక కాలు మడిచి ఒక కాలు చాపి, ఇసుర్రాయి కాడ కూసున్నట్టే. గాలిల చెయ్యి తిప్పుడు షురు చేసిన. నోరు తెరుచుకున్నది. మొగోళ్లు నవ్విండ్రు. నవ్వితే నవ్వనియ్యి, నేను ఆగలే. జొన్నలు పోసే కాడ ఎడమ చెయ్యి గాలిల జొన్నలు గూడ పోసింది. ఒక్క మాట తప్పలే. మొదటి బహుమానం నాకే. మొగపిల్లలకు పుస్తకాలిచ్చిండ్రు. నాకు కుంకుమ భరిణె.

ఇంటికొచ్చినంక నేనే అడిగిన, “తప్పు పోలే గదా బాపూ” అని. “తప్పు పోలే, నా పరువు పోయింది. పెద్దమనుషుల ముంగట జొన్నలు ఇసిరితివి. పని చేతికి మంచిగనే పట్టింది, నీకు పట్నమెందుకు?” అన్నడు. ఆయన గొంతుల కోపం గూడ లేదు. కోపముంటే కొట్లాడుదును.

తెల్లారి మల్ల ఇసుర్రాయి. నేను నోరు ఇప్పలే. రాయి తిరుగుతాంది, గరగర తప్ప సప్పుడు లేదు. గప్పుడు అమ్మ షురు చేసింది, ‘సభకు నమస్కారం’ అని. ఆఖరి దాక చెప్పింది. ఒక్క అక్షరం రాదు ఆమెకు. నాకు ఎదురుంగ కూసోని ఇసిరి ఇసిరి అంత నేర్చింది, నాకెరుకనే లేదు. నేను బీరిపోయి, చెయ్యి ఆపి చూస్తే, “చెయ్యి ఆగొద్దు” అన్నది. తల మాత్రం ఎత్తలే.

ఆ యేడే నా లగ్గం. ఇగ గంతే. చెప్పుడుకే అలుపొస్తాంది బిడ్డా, చేసుడు ఎట్ల చేసిన్నో ఏమో.

నీ పోటీ ఎప్పుడు? దసరా అయినంకనా. మస్తు దినాలున్నయి, ఇప్పట్నుంచే నేర్చుకునుడు మంచిదే. నేను గూడ ముందుగాలనే నేర్చిన, దాంట్ల తప్పు లేకుండె... అవు గని, పొద్దటి సంది బియ్యం ఏరుకుంట నోట్ల గొణుగుతున్నవ్, ఉపన్యాసమేనా అది? చాట మీ అమ్మ ఇచ్చిందా? నేను గూడ ఏరుకుంటనే అడుగుమంటి. చూడు, ఇన్నేండ్లయినా నా నోట్ల మా అమ్మనే ఉన్నది.

ఆ చాట ఇటియ్యి. ఇయ్యి అంటున్న గదా. నాకు కండ్లు మసక, రాళ్లు తగిలితే తగులుతయి, తింటరు మీ ఇంటోళ్లు. నువ్వు పోయి ఆ గోడ కాడ నిలబడు. చేతులు కిందికి ఇడువు. ఇంక జర ఇడువు. చల్లగుండు బిడ్డా, నీ చేతులు ఎప్పటికి గట్లనే ఉత్తగుండాలె. ఆఁ, ఇగ చెప్పు. సభకు...