గుంతలోంచి రాని చప్పుడు

నా పేరు ఈ వాంగ్మూలం పైన రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. ప్లాంటులో అందరూ తుంటరోడనే పిలుస్తారు, దానికే పలుకుతాను. వయసు నలభై ఏడు. చదువు ఏడో తరగతి, అదీ సగం. ఊరి మురుగునీరు శుద్ధిచేసే ప్లాంటులో హెల్పరుగా చేస్తున్నాను. చనిపోయినవాడు అక్కడే ఫిట్టరు, మా అక్క మొగుడు, నాకు బావ.

నిన్న మధ్యాహ్నం రెండింటికి సూపర్‌వైజరు గారు మా ఇద్దరినీ పిలిచారు. నదిలోకి పోయే కాలువకి లోతు గుంతలో ఉన్న గేటు కింద గుడ్డపేలికలు ఇరుక్కుని మూతపడటం లేదు. శుద్ధికాని నీళ్ళు తిన్నగా నదిలో కలుస్తున్నాయి. రేవులో చేపలు వెల్లకిలా తేలాయి. సాయంత్రం అధికారులు వచ్చి నది నీళ్ళు పరీక్షకి సీసాలో పట్టుకెళ్తారట, ఆలోగా గేటు దించాలి. విషగాలి ఉందేమో చూసే మిషను ఏదని బావ అడిగాడు. మిషను బీరువాలో ఉంది, తాళం గుమాస్తా దగ్గర ఉంది, గుమాస్తా పెళ్ళికి వెళ్ళాడు. పది నిమిషాల పనికి పెళ్ళిలో ఉన్నవాణ్ణి లాక్కొస్తామా అన్నారు సూపర్‌వైజరు గారు. బావ తనంతట తానే దిగాడని ఆయన మీకు చెప్పారట. అబద్ధం. ఆయన దిగమన్నారు, బావ దిగాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. ఒకడు గుంతలోకి దిగితే ఒకడు పైన ఉండాలి. పైవాడు కేకేస్తే కిందివాడు గేటు మీద రెంచీతో రెండుసార్లు కొట్టాలి. కొడితే క్షేమం. ఈ పద్ధతిని పాడుచేసింది మేమిద్దరమే. పోయిన వేసవిలో బావ కింద ఉండగా నేను నిచ్చెన పైకి లాగేశాను. అప్పట్నుంచి ఎప్పుడు దిగినా ఏదో ఒక కేకకి కావాలనే పలకడు. నేను హడలిపోయి సగం దిగేసరికి పక్కున నవ్వుతాడు. నిన్న దిగే ముందు చెప్పులు విప్పి, "బామ్మర్దీ, నేను పోతే ఇవి నువ్వు తొడుక్కోకు, నీ కాళ్ళకి పెద్దవి" అన్నాడు.

మొదటి కేకకి రెండు దెబ్బలు వినబడ్డాయి. గేటు కిర్రుమంది. రెండో కేకకి ఏమీ లేదు. నవ్వుకున్నాను. ఈసారి నేను దిగకూడదు, బావనే పైకి రప్పించాలి అనుకున్నాను. అక్క మా ఇద్దరికీ ఫ్లాస్కులో టీ పంపింది. అంచున కూర్చుని నా గ్లాసు తాగాను. నీది కూడా తాగేస్తున్నా బావా అని కేకేశాను. అదీ తాగాను. వాసన రాలేదా అని మీరు అడిగారు. పదిహేనేళ్ళు అక్కడ చేసినవాడికి వాసనేమిటి సార్.

అప్పుడు వంగి చూశాను. బావ టార్చి వెలుగు నీళ్ళ కిందనుంచి వస్తోంది.

ఫైరువాళ్ళు పైకి తీశారు. రెంచీ చేతిలోనే ఉంది.

అక్కకి ఫోను చేసి బావ పోయాడని చెప్పాను. "ఇంకేదైనా కొత్తది కనిపెట్టరా" అని పెట్టేసింది. మళ్ళీ చేశాను. ఆకలేస్తే మీరిద్దరూ మీ అంతట మీరే వస్తారులే అంది. మూడోసారి ఎత్తలేదు. ఇంటికి వెళ్ళేసరికి రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. నా చేతిలో బావ చెప్పులు చూశాక నమ్మింది. పలకకపోతే ఎంతసేపటికి వంగి చూశావురా అని అడిగింది. వెంటనే అక్కా అన్నాను. ఆ అబద్ధం ఇక్కడ చెప్పటం లేదు.

బావ గేటును సగందాకా దించాడు. సాయంత్రం అధికారులు రానే లేదు. మిగతా సగంలోంచి నీళ్ళు ఈ పూట కూడా నదిలోకి పోతున్నాయి. స్టేషనుకు వస్తూ వంతెన మీదనుంచి చూశాను.

రాసింది నాకు చదివి వినిపించారు. అందులో "కొంతసేపటికి వంగి చూశాను" అని ఉంది. ఆ "కొంతసేపటికి" కొట్టేయించి, "రెండు గ్లాసుల టీ తాగాక" అని రాయించాను. ఇందులో వేళాకోళం ఒక్క ముక్క లేదు, జరిగిందే చెప్పానని ఒప్పుకుని కింద సంతకం పెడుతున్నాను.

(సంతకం)