మడ్డినూనె బావి

(1958. ఆదోని నుంచి హొళగుంద పోయే దారి. లక్ష్మప్ప ఎద్దులబండి తోలుతాండాడు. వెనకాల నూనె మిల్లు సావుకారి పుల్లయ్య.)

“ఈ బండి కీచుకీచుకు నా చెవులు పోతాండాయి లక్ష్మప్పా. ఇరుసుకు కందెన పుయ్యవేమప్పా?”

“పూస్తాలే సావుకారీ. ముందు ఆ మంట సంగతి ఇంకోసారి సెప్పండి. ఇంటికాడ మా హనుమక్క అడుగుతాంది.”

“నీ పెండ్లానికి ఎన్నిసార్లు చెప్పల్లప్పా? అమెరికాలో భూమి కింద నూనె మడ్డి మాదిరి గట్టిగా ఉంటాదంట. తోడితే రాదు. అందుకని కిందనే నిప్పు పెట్టి, పైనుంచి గాలి ఊదుతారు. ఆ వేడికి మడ్డి పల్చనై పక్కబావిలోకి పారుకుంటా వస్తాది. పేపర్లో నేనే చదివినా.”

“భూమిని కాల్చేదా?”

“మా మిల్లులో శెనగ్గింజను వేడి చేసినంకనే కదా మరలో వేసేది. చల్లగింజకు నూనె యాడ దిగుతాది? ఇదీ అంతే.”

“మాకు ఉండేది ఒకటే బావి. అదీ ఆరు మట్ల లోతుకే, ఆరాళ్ళ ఎత్తు తవ్వేసరికే, బండ తగిలి నిల్చిపాయ.”

“ఆ బండ మీద నల్లగా జిడ్డు ఉండె కదా. నేనే దిగి వేలితో తీసి వాసన చూస్తి. కొంచెం ఆముదం వాసన వచ్చింది గానీ, భూమిలోది కదా, అట్లే ఉంటాది.”

“మీరు నూనెలో పుట్టి పెరిగినోళ్ళు. మాకేం తెలుసు.”

“అందుకే కదా మూడు బండ్ల పత్తికట్టె, రెండు బండ్ల తుమ్మమొద్దులు పంపిస్తి. కొలిమితిత్తి కూడా. బాగా మండిందా?”

“నిన్నంతా మండింది. బండ ఎర్రగా కాగింది. అప్పుడు హనుమక్క నాలుగు బిందెల నీళ్ళు పోసింది.”

“నీళ్ళా? ఎందుకప్పా?”

“మంట ఎక్కువైందని బయపడింది.”

“రెండు కోసులు నడిచి తెచ్చే నీళ్ళు. తాగేకి లేకుంటే నిప్పుల మీద పోసిందా?”

“పోసింది. ఆరేండ్లుగా ఆ బిందె మోసి దాని నెత్తిన ఎంటికలు ఊడిపోయినాయి సావుకారీ. పోసేటప్పుడు ఏడ్సింది కూడా. ఇదో, బావి వచ్చె. దిగండి.”

“అదేమప్పా ఆ చప్పుడు?”

“ఊరుతాంది.”

“నూనేనా?”

“వొంగి సూడండి. బద్రం.”

“లక్ష్మప్పా, ఇవి నీళ్ళు.”

“అవును.”

“నీళ్ళప్పా ఇవి.”

“బండ నడిమికి సీలింది సావుకారీ. రాళ్ళు కొట్టేటోళ్ళు ఇట్లే కదా, కాల్చి నీళ్ళు సల్లి పగలగొట్టేది. మాకు అన్ని కట్టెలు యాడివి? ఆరేండ్లు ఊరికే సూసుకుంటా ఉంటిమి.”

“మరి నా మడ్డి?”

“వచ్చిందాంట్లో సగం మీదని మాట అనుకుంటిమి కదా. ఇదో, హనుమక్క చెంబు తెచ్చింది. తాగండి.”

“తియ్యగుండాయిలే. నా కట్టెలు కాల్చి నాకు చెంబు నీళ్ళు. ఊర్లో ఎవురికీ చెప్పొద్దు. పద, బండి కట్టు. ఈసారన్నా ఆ ఇరుసుకు కందెన పుయ్యి.”

“యాడిది సావుకారీ? ఉండే కందెనంతా ఆ బండకే పూస్తిమి.”