గాలి తగ్గిన చక్రం

సైకిల్ షాపు వెనక గది. రేపు అచ్చుకు పోవాల్సిన కాగితాల కట్ట మీద మెకానిక్ మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఎదుటి స్టూలు మీద అతని వదిన. ఒకప్పుడు నలభై కిలోమీటర్ల రోడ్డు పరుగులో రికార్డు పెట్టిన మనిషి.

“మోచెయ్యి తియ్యవయ్యా! నా పేజీ నేను చూసుకోవద్దా?”

“నీ పేజీలో ఏముంటుంది వదినా, నువ్వే. టీ తాగుతావా?”

“ఇందాక ఇచ్చావుగా. అది టీయో, చెయిను కడిగిన కిరసనాయిలో తెలిసి చావలేదు. తియ్యి.”

“ముందు అట్ట చూడు. ‘మన రోడ్డు పరుగుల చరిత్ర’. ఎనిమిదో తరగతి తప్పినవాడు చరిత్ర రాశాడు! చదివేది ముగ్గురం. నువ్వు, నేను, అచ్చు వేసేవాడు. వాడూ చదవడులే, పేజీలు లెక్కపెట్టుకుంటాడు.”

“సోది ఆపు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా నా రికార్డు గురించి ఊరంతా చాటింది నువ్వే కదా! పంక్చరుకి వచ్చినవాడు నీ చరిత్ర వినలేక సైకిలు నడిపించుకుంటూ పోయేవాడు. ఇప్పుడు దాస్తావేం?”

“అన్నిసార్లు చెప్పాను కాబట్టే రాయడం కష్టంగా ఉంది.”

“రాయలేదా?”

“రాశా. కొట్టేశా. మళ్లీ రాశా. రోడ్డు... తక్కువైంది వదినా.”

“ఏంటీ?”

“రోడ్డు. నలభై లేదు. మూడు వందల మీటర్లు తక్కువ. పోయిన నెల పుస్తకం కోసం మూడుసార్లు కొలిచా. తప్పు నాదే. అప్పట్లో చక్రానికి గుడ్డపీలిక కట్టి, చుట్లు లెక్కపెడుతూ కొలిచింది నేనే కదా. దార్లో ముల్లు దిగింది. గాలి మెల్లగా పోతూనే ఉంది. గాలి తగ్గితే చక్రం చిన్నదవుతుంది. చుట్లు సరిపోయాయి, రోడ్డు సరిపోలేదు.”

“నువ్వు సైకిల్ మెకానిక్‌వి కదయ్యా!”

“అను, ఇంకా అను. ఊళ్లో చక్రాలన్నిటికీ గాలి కొట్టినవాణ్ణి, నా చక్రం ఒక్కసారి నొక్కి చూసుకోలేదు.”

“పోయిన నెలే తెలిసిందా?”

“ఆ... అంతే.”

“అంతేనా?”

“కాదు. అప్పుడు, చక్రంతో కొలిచిన సాయంత్రమే. టైరు విప్పితే ముల్లు. అప్పటికే సున్నం గీత గీసేశారు. తెల్లారితే పరుగు. నోరు మూసుకున్నా. నువ్వు గెలిచాక నిన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. ఇంకెక్కడ తెరుస్తాను? అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టా, అంతే.”

“ఇప్పుడేం చేస్తావు?”

“నిజం రాస్తే నీ రికార్డు పోతుంది. రాయకపోతే ఇది చరిత్ర కాదు, మన ఇంటి సొంత డబ్బా. నాకు రాయాలనే ఉంది. కానీ పరిగెత్తిన కాళ్లు నీవి. నువ్వు చెప్పు.”

“రాయి.”

“వదినా...”

“రాయమన్నా కదా! ఆ రోజు టేపు దాటాక నేను ఆగలేదు, గుర్తుందా?”

“ఎందుకు లేదూ! పిచ్చిదానిలా అలా పోతూనే ఉన్నావు. బ్రేకులు ఊడిపోయాయని పడీ పడీ నవ్వాం. ఆ మాట ముందు అన్నది నేనే.”

“మీ అన్న లైన్‌మన్. ఆ రోడ్డున యాభై యాభై మీటర్లకి కరెంటు స్తంభాలు పాతించింది ఆయనే. నీ చక్రాన్ని నేనెప్పుడు నమ్మాను గనక? స్తంభాలు లెక్కపెట్టుకునే పరిగెత్తేదాన్ని. మీరు టేపు కట్టింది ఏడు వందల తొంభై నాలుగో దాని దగ్గర.”

“అంటే... నీకు అప్పుడే... మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నువ్వెప్పుడు చెప్తావా అని చూశా. కలం తియ్యి. ఎనిమిది వందలవ స్తంభం దగ్గర నా చేతి వాచీ ఆపాను, ఆ టైము రాసుకో.”