మత్సుయె వదిన ముందరి పన్ను

పన్ను ఎంతుంటుందండీ, గోరంత. ఆ గోరంతలోనూ వెలుగు కొంచెం లోపలికి దూరి, కొంచెం ఆగి, కొంచెం తిరిగొచ్చేలా చేశాడు చూడండి ఆ భగవంతుడు, ఆ పనితనాన్ని పింగాణీలోకి దింపాలని జుట్టు నెరిసేదాకా తంటాలు పడ్డవాడు సెతో ఊరి కుమాగై.

కట్టుడు పళ్ళు చెయ్యడంలో మొనగాడే. పోయిన స్నేహితుడి భార్య మత్సుయె వదిన దగ్గర మాత్రం బోల్తాపడ్డాడు. విరిగిన ముందరి పన్నుకి, పక్క పన్ను చూసి జోడీ చేశాడు. క్లినిక్‌లో నోరు తెరిపించి ఉంచేసరికి ఆ పక్క పన్ను ఆరిపోయింది. ఆరిన పన్ను వెలుగును పోనివ్వదు, రంగు కొలిచే మీటరు అదే నమ్మింది. తీరా పెట్టి చూస్తే సున్నం ముక్క. వదిన దాన్ని పీకించేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎల్లుండి గుడిలో పోయినవాళ్ళను తలుచుకునే పూజ. ఏటా పాట ఎత్తుకునేది ఆవిడే. ఈసారి రానంది, ఇంకెవరికీ నోరు చూపించనంది.

ఆ పక్క పన్ను తడిగా ఉండగా ఒక్క క్షణం వెలుగులో చూస్తే చాలు కుమాగైకి. అడిగితే చూపించదు, మరి నవ్విస్తే? పూజకని డాంగో అనే బియ్యప్పిండి ఉండలు కొనడానికి ఆవిడ సకిచి కొట్టు బెంచీ మీద కూర్చోగానే అందుకున్నాడు.

"ఒకసారి ఉల్లిపొరంత పల్చటి పింగాణీ బిళ్ళ కాల్చాను సకిచీ. నల్ల కాగితం మీదా, తెల్ల కాగితం మీదా పెట్టి రంగు కొలుస్తాం కదా, ఎంత తేడా వస్తే అంత వెలుగు దూరుతున్నట్టు. నాది నల్లదాని మీద నల్లగా, తెల్లదాని మీద తెల్లగా అయిపోయింది. ఇంక బిళ్ళేదీ? బల్లంతా తడుముకున్నాను."

"దొరికిందా?" అన్నాడు సకిచి ఉండలు కాలుస్తూ.

"కాలికి గుచ్చుకుంటే దొరికింది. దాన్నే పన్నుగా చెక్కి మేయరుకి పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సభలో నోరు విప్పాడో లేదో, పన్ను వెనకాల వరసకట్టిన అబద్ధాలన్నీ ముందు బెంచీవాళ్ళకి కనబడిపోయాయి. పాపం, అప్పట్నుంచి జనానికి వీపు పెట్టి మాట్లాడుతున్నాడు."

వదిన భుజాలు కదిలాయి. చెయ్యి కదల్లేదు.

"అది విని, ఇసె సముద్రంలో చేపలు పట్టే ఆయనొకడు నాకూ కావాలన్నాడు. పెట్టాను. పడవలో ఆవులించాడు, వెన్నెల పంటిలోంచి దూరి మాడు మీంచి బయటికొచ్చింది, చేపలు వాటంతటవే పడవెక్కాయి, ఓడలన్నీ దీపస్తంభమనుకుని ఆయన నోటివైపు మళ్ళాయి. ఇప్పుడాయన ఆవులించాలంటే రేవు అధికారి అనుమతి కావాలి."

"కావాలి మరి," అన్నాడు సకిచి.

"అసలు సంగతి చంద్రుడిది. ఆయన్నీ కొలుద్దామని మీటరు పైకెత్తాను. వెనకాల నల్లటి ఆకాశం ఉంది, మరి తెల్లది? ఓ మబ్బుని పట్టుకుని, బతిమాలి, ఇలా మెల్లగా చంద్రుడి వెనక్కి తోసి..."

"మరిదీ," అంది మత్సుయె. "చంద్రుడి వెనక్కి మబ్బుని తోసినవాడివి, నా నోట్లో సున్నం ముక్క ఎందుకు పెట్టావు?"

కుమాగై నోరు టక్కున మూతపడింది. ఆ మొహం చూసేసరికి వదినకి నవ్వాగలేదు, పొట్ట పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసివచ్చాయి.

అప్పుడు చూశాడు. తడితడిగా ఉంది ఆ పక్క పన్ను. చిగురు దగ్గర మీగడ, కొసకొచ్చేసరికి పల్చటి గంజి, ఆ గంజిలోంచి నోటిలోపలి చీకటి లేత నీలంగా తొంగిచూస్తోంది. కుమాగై మనసులోనే చేతులు జోడించాడు.

ఆ చూపు ఎందుకో వదినకి తెలిసిపోయింది. చెయ్యి మళ్ళీ పైకి లేవబోయింది.

"ఆగు వదినా," అన్నాడు మెల్లగా. "ఇంకొక్క మాట అను. అంచు ఇంకా సరిగ్గా చూడలేదు."

ఆవిడ చెయ్యి ఒళ్ళోకి దించుకుంది. "నీకు ఒక్క మాటేం సరిపోతుంది," అంటూ ఎండలోకి జరిగి కూర్చుంది.