ముందే ఊదిన ఈల

స్టేషన్ ఎదుటి టీకొట్టు బల్ల మీద, గుడ్డలో చుట్టిన కుట్టుమిషను ఒళ్లో పెట్టుకుని దర్జీ కూర్చున్నాడు. ఐదింటి బండికి పట్నం వెళ్లిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. ఎప్పుడో రిటైరైన రైలు గార్డుకి ఆ సంగతి వారం రోజుల్నుంచీ మింగుడు పడటం లేదు. ఇద్దరూ వరస కలిపి బావా అని పిలుచుకుంటూ ముసలివాళ్లయినవాళ్లు. ఉండిపొమ్మని అడగడానికి గార్డుకి నోరు రాలేదు గానీ, కోతలు కోయడానికి ఆ నోటికి ఏనాడూ మొహమాటం లేదు. మాటల్లో పెట్టి బండి తప్పిస్తే చాలనుకున్నాడు.

"అసలీ ఊరెలా పుట్టిందో తెలుసా బావా?"

"ముందు జాలర్ల పాకలు, తర్వాత ఇళ్లు," అంది టీకొట్టావిడ గ్లాసులు కడుగుతూ.

"ఇళ్లు ఊరికే వచ్చేస్తాయా చెల్లెమ్మా? నేను తెప్పించాను! అప్పట్లో పొద్దున ఒక బండి వచ్చేది, సాయంత్రం అదే వెనక్కి పోయేది. ఆదివారం పట్నం జనం సముద్రంలో మునిగి, ఒళ్లారబెట్టుకుని అదే ఎక్కేవాళ్లు. ఓనాడు నేను ఈల కాస్త ముందే ఊదేశాను. ఒక మేస్టారి కుటుంబం తడిబట్టల్తో ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ గాలికి మేస్టారి భార్యకి ఆయాసం తగ్గింది, వాళ్లు ఇక్కడే ఇల్లు కట్టేశారు! నాకు హుషారొచ్చింది. పైవారం పావుగంట ముందు ఊదితే వీధికి సరిపడా జనం మిగిలారు. ఆ పైవారం అరగంట! బడి మిగిలింది, బ్యాంకు మిగిలింది, సర్కస్సు ఏనుగుతో సహా మిగిలింది."

"ఏనుగేదీ మరి?"

"అద్దెకి ఇల్లు దొరక్క నడిచి పోయింది. అది కాదమ్మా, ఇంత సందడేమిటా అని చివరికి సముద్రమే లేచి పట్టాల దాకా వచ్చేసింది! బెదిరానా? ఎర్రజెండా చూపించాను. టక్కున ఆగింది. ఆగినచోటే గోడ కట్టారు. పచ్చజెండా ఎప్పుడూపుతావని ఇప్పటికీ రోజూ అడుగుతూనే ఉంటుంది, వెళ్లి విను."

దర్జీ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఈలోగా ఐదింటి బండి వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఓరకంట చూస్తున్న గార్డు ప్రాణం కుదుటపడింది.

"పోయిందిగా బండి! ఇక నువ్వూ ఈ ఊళ్లో మిగిలినవాడివే."

"అది నీ కాలంలో బావా," అన్నాడు దర్జీ నెమ్మదిగా. "ఇప్పుడు అరగంటకో బండి. అందుకేగా అందరూ పట్నంలోనే బట్టలు కొనుక్కుని చీకటి పడేలోగా ఇల్లు చేరుతున్నారు. నా దగ్గర కుట్టించుకునేదెవరు? నీ కథ అయ్యేదాకా విందామని ఆ బండి నేనే వదిలేశాను."

టీకొట్టావిడ నవ్వబోయి ఆగిపోయింది. గార్డు తల వంచుకున్నాడు. ఎంత వెతికినా ఒక్క కోతా దొరకలేదు.

"నువ్వెళ్తే నాకేం తోచదు బావా," అన్నాడు.

దర్జీ మిషను భుజానికెత్తుకుంటూ లేచాడు.

"ఈ ముక్క నిన్న చెప్పుంటే, నా కొట్టు తాళాలు ఓనరుకి ఇచ్చేసేవాణ్ణి కాదు కదయ్యా!"